బెస్ట్ అంటే ఎక్కడ బెస్ట్? రూటు ఎంపిక పదాల పట్టిక, పని డైరీ

రౌటింగ్ (నెట్‌వర్క్‌లో ప్యాకెట్లకు దారి చూపడం) ప్రమాణాల్లో రూటు ఎంపిక గురించి వాడే పదాలకు మా టీమ్ కోసం తెలుగులో ఒక పట్టిక చేశాను. ఆ పని డైరీ ఇది. పట్టిక ఒక్కటే కావాలంటే నేరుగా దశ 4కి వెళ్లండి. సొంతంగా చేసుకోవాలనుకుంటే మాత్రం దశ 1, దశ 3 వదలకండి. నా టైమంతా అక్కడే పోయింది.

పని మొదలవడానికి కారణం ఒక ఫోన్ కాల్. "అన్నా, బెస్ట్ రూటే ఉంది, ట్రాఫిక్ మాత్రం అటు పోవట్లేదు" అన్నాడు షిఫ్టులో ఉన్న కుర్రాడు. బీజీపీ (నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే ప్రొటోకాల్) టేబుల్లో ఆ ప్రిఫిక్స్ (అడ్రసుల గుంపు) పక్కన, ఎంపికైందని చెప్పే బాణం గుర్తు నిజంగానే ఉంది. ముందున్న చిన్న ‘ఆర్’ అక్షరాన్ని ఇద్దరం పట్టించుకోలేదు. ఆ అక్షరానికి అర్థం, బీజీపీ ఈ రూటును ఎంచుకుంది కానీ అసలు రౌటింగ్ టేబుల్లోకి ఎక్కించలేకపోయింది అని. ఎప్పుడో ఎవరో పెట్టి మరిచిపోయిన స్టాటిక్ (చేత్తో రాసిన) రూటు అక్కడ కూర్చుని ఉంది. కుర్రాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. "బెస్ట్" అన్న మాటకు అతని మనసులో ఒక టేబుల్, నా మనసులో ఇంకో టేబుల్. అంతే తేడా, మూడు గంటలు పోయాయి.

దశ 1: పదాలు ఏరడం

పత్రాలు 7 తీసుకున్నాను. బీజీపీకి ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) 4271 (2006), ఒకే నెట్‌వర్క్ లోపల రూట్లను పంచే రూట్ రిఫ్లెక్టర్లకు 4456 (2006), ఇంపోర్ట్ పాలసీ (ఏ రూట్లు తీసుకోవాలో చెప్పే నియమాలు) లేని ఈబీజీపీ (వేర్వేరు నెట్‌వర్క్‌ల మధ్య బీజీపీ) గురించి 8212 (2017), వేరే రౌటింగ్ ప్రొటోకాల్స్ అయిన ఓఎస్‌పీఎఫ్‌కు 2328 (1998), ఈఐజీఆర్‌పీకి 7868 (2016), బేబెల్‌కు 8966 (2021), ఐపీవీ4 రౌటర్ ఎలా ఉండాలో చెప్పే 1812 (1995).

వెతకాల్సిన మాటలు 8: సెలెక్ట్, బెస్ట్, ప్రిఫర్, ఫీజిబుల్, ఎలిజిబుల్, వ్యాలిడ్, యాక్టివ్, ఇన్‌స్టాల్.

మొదట గ్రెప్ (ఫైళ్లలో మాటలు వెతికే కమాండ్) కొట్టాను. వచ్చిన జాబితా చూసి పని అయిపోయిందనుకున్నాను. మర్నాడు 4271ను కళ్లతో చదువుతుంటే గ్రెప్‌కు దొరకని వాక్యాలు బయటపడ్డాయి. గ్రెప్ లైను లైనుగా చూస్తుంది. "డిగ్రీ ఆఫ్ ప్రిఫరెన్స్" లాంటి మూడు ముక్కల మాట లైను చివర విరిగితే దానికి కనబడదు. పాత ఆర్‌ఎఫ్‌సీ ఫైళ్లలో పేజీలు కూడా ఉంటాయి. వాక్యం మధ్యలో పేజీ మారితే అడుగున ఒక లైను, పైన ఒక లైను వచ్చి దూరతాయి. 2019 చివర్లో ఫార్మాట్ మారాక వచ్చిన 8966 లాంటి వాటిలో ఈ పేజీల గోల లేదు.

పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాశాను. చివరికి నిలిచిన వరుస ఇది:

1. ఫామ్ ఫీడ్ (పేజీ మార్పు) అక్షరం దగ్గర ఫైలును పేజీలుగా కోయాలి. ఆ అక్షరం లేకపోతే ఫైలంతా ఒకే పేజీ.
2. పేజీలు ఒకటికంటే ఎక్కువ ఉంటేనే పై లైను, అడుగు లైను తీసేయాలి. ఈ షరతు పెట్టడం మరిచిపోతే 8966లో మొదటి లైను, చివరి లైను ఊరికే పోయాయి.
3. ఖాళీ లైను వచ్చేదాకా లైన్లన్నీ కలిపి ఒక పేరా చేయాలి. పేజీ చివర వాక్యం ముగింపు చుక్క లేకపోతే తర్వాతి పేజీ మొదటి పేరాను దీనికే అతికించాలి.
4. మాట అంచులు చూసి వెతకాలి. లేకపోతే "వ్యాలిడ్" కోసం వెతికితే "ఇన్‌వ్యాలిడ్", "ఫీజిబుల్" కోసం వెతికితే "అన్‌ఫీజిబుల్" కూడా అదే కుప్పలో పడతాయి. అవి కావాల్సినవే, కానీ వేరే కుప్పలో.
5. దొరికిన ప్రతి వాక్యం పక్కన సెక్షన్ నంబరు రాయాలి.

అయిదోది మొదట చేయలేదు. అప్పటికి రాసుకున్న 41 కార్డులకూ మళ్లీ వెనక్కి వెళ్లి నంబర్లు వేసుకున్నాను. మీరు ఆ తప్పు చేయకండి.

ఇప్పటిదాకా: పత్రాలు 7, కార్డులు 41, గంటలు 9.

దశ 2: ఒక మాటకు ఒక కార్డు అనుకోవడం తప్పు

కార్డుల్ని ఇంగ్లీషు మాట ప్రకారం సర్దాను. ఫీజిబుల్‌కు ఒక కార్డు, ప్రిఫరెన్స్‌కు ఒక కార్డు, అలా. రెండోరోజుకే ఆ సర్దుడు పనికిరాదని తేలింది.

ఫీజిబుల్ సంగతి చూడండి. 4271లో ఫీజిబుల్ రూటు అంటే పొరుగు రౌటర్ ప్రకటించింది, ఇంకా వాడుకోవడానికి అందుబాటులో ఉంది అని మాత్రమే. మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నే అక్కడ లేదు. ఈఐజీఆర్‌పీలో ఫీజిబుల్ సక్సెసర్ అంటే లూప్ (ప్యాకెట్ గుండ్రంగా తిరగడం) రాదని లెక్కతో తేలిన పొరుగు. ఆ పొరుగు చెప్పిన దూరం మన దగ్గరున్న ఫీజిబుల్ డిస్టెన్స్ (మనం నమోదు చేసుకున్న అతి తక్కువ దూరం) కంటే కచ్చితంగా తక్కువ ఉండాలి, సమానమైనా చాలదు. బేబెల్‌లోనూ ఫీజిబుల్ అంటే లూప్ పరీక్షే, కానీ లెక్క వేరు. అందులో సీక్వెన్స్ నంబరు కూడా వస్తుంది. ఆ పరీక్ష తప్పిన రూటు మెట్రిక్ (దారి ఖర్చు) ఎంత బాగున్నా ఎంపిక కాదు. బీజీపీ అర్థంలో ఫీజిబుల్ అయిన రూటు బేబెల్ అర్థంలో ఫీజిబుల్ కాకపోవచ్చన్నమాట. ఒక కార్డు 3 కార్డులైంది.

ప్రిఫరెన్స్ ఇంకా తలనొప్పి. ఇక్కడ అర్థం కంటే దిక్కు ముఖ్యం, పెద్ద అంకె గెలుస్తుందా, చిన్న అంకె గెలుస్తుందా అని.

బీజీపీ డిగ్రీ ఆఫ్ ప్రిఫరెన్స్ (రూటుకు బీజీపీ ఇచ్చే మార్కు)లో పెద్దది గెలుస్తుంది.
లోకల్ ప్రెఫ్ (రూటుతోపాటు నెట్‌వర్క్ లోపల పంచుకునే ప్రాధాన్య అంకె)లోనూ పెద్దదే. ఐబీజీపీ (ఒకే నెట్‌వర్క్ లోపలి బీజీపీ)లో వచ్చిన రూటుకు డిగ్రీగా దీన్నే తీసుకోవచ్చు, లేదా లోకల్ పాలసీ ప్రకారం కొత్తగా లెక్కగట్టవచ్చు. అందుకే రెండూ వేర్వేరు కార్డులు.
జూనోస్ (జునిపర్ రౌటర్ల సాఫ్ట్‌వేర్) ప్రిఫరెన్స్‌లో చిన్నది గెలుస్తుంది. స్టాటిక్ 5, ఓఎస్‌పీఎఫ్ ఇంటర్నల్ 10, బీజీపీ 170.
బర్డ్ (ఇంకో రౌటింగ్ సాఫ్ట్‌వేర్) ప్రిఫరెన్స్‌లో పెద్దది గెలుస్తుంది. స్టాటిక్ 200, ఓఎస్‌పీఎఫ్ 150, బీజీపీ 100.

చివరి రెండూ చేసే పని ఒకటే, వేర్వేరు ప్రొటోకాల్స్ మధ్య తీర్పు చెప్పడం. పేరూ ఒకటే. దిక్కు మాత్రం తలకిందులు. సిస్కో వాళ్లు దీన్నే అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ అంటారు. పేరు పొడుగే కానీ "డిస్టెన్స్" అన్న మాట వినగానే తక్కువైతే మంచిదని తెలిసిపోతుంది. నా ఓటు ఆ పేరుకే. మా పట్టికలో ప్రొటోకాల్స్ మధ్య తీర్పుకు "దూరం" అనే రాసుకున్నాం, బర్డ్ పెట్టెల దగ్గర మాత్రం "ఇక్కడ పెద్దది గెలుస్తుంది" అని ఎర్ర అక్షరాల్లో.

మార్చిన నియమం: కార్డు తలమీద మాట ఉండకూడదు, ప్రశ్న ఉండాలి. "ఎవరు పోలుస్తున్నారు? ఏ టేబుల్లో? వేటి మధ్య?" ఈ మూడింటికీ జవాబు రాయలేని కార్డు పక్కకు.

ఇప్పటిదాకా: కార్డులు 46 (ఫీజిబుల్ వల్ల 2, ప్రిఫరెన్స్ వల్ల 3 పెరిగాయి), గంటలు 15.

దశ 3: "కంటే మేలు" వేరు, "అన్నిట్లోకీ మేలు" వేరు

4271 సెక్షన్ 9.1.2.2లో టై బ్రేక్ మెట్లు ఉంటాయి. ఏఎస్ పాత్ (రూటు దాటొచ్చిన నెట్‌వర్క్‌ల వరుస, ఏఎస్ అంటే ఒక నెట్‌వర్క్) పొడవు, ఆరిజిన్ (రూటు ఎలా పుట్టింది), మెడ్ (తన దగ్గరికి ఏ దారిలో రావాలో పొరుగు నెట్‌వర్క్ చెప్పే అంకె, తక్కువది గెలుస్తుంది), ఈబీజీపీయా ఐబీజీపీయా, లోపలి ఖర్చు (తర్వాతి రౌటర్ దాకా మన నెట్‌వర్క్‌లో అయ్యే ఖర్చు), బీజీపీ ఐడెంటిఫయర్ (రౌటర్ ఐడీ), చివరికి పొరుగు అడ్రసు. (1995 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1771 టై బ్రేక్ జాబితాలో ఏఎస్ పాత్ పొడవే లేదు. 4271లో మొదటి మెట్టు అదే.) డిగ్రీ ఆఫ్ ప్రిఫరెన్స్ సమానమైన తర్వాత జరిగేదంతా 4271 దృష్టిలో టై బ్రేకే. మన మాటల్లో మాత్రం టై బ్రేక్ అంటే చివరి రౌటర్ ఐడీ మెట్టు ఒక్కటే. ఇదీ ఒక కార్డే, కానీ ఈ దశ దాని గురించి కాదు.

"ప్రిఫర్డ్ ఓవర్", "బెస్ట్" రెండింటికీ తెలుగులో "మేలైన" అని రాసేశాను. రాశాక అనుమానం వచ్చింది. క ఖ కంటే మేలు, ఖ గ కంటే మేలు అయితే, క గ కంటే మేలేనా? మామూలు బుద్ధికి అవుననే అనిపిస్తుంది. పరీక్షించడానికి 203.0.113.0/24కు మూడు రూట్లు కాగితం మీద వేశాను. మూడూ ఐబీజీపీవే, ఏఎస్ పాత్ పొడవు, ఆరిజిన్ ఒకటే.

క: పొరుగు ఏఎస్ 64500, మెడ్ 10, లోపలి ఖర్చు 30
ఖ: పొరుగు ఏఎస్ 64500, మెడ్ 20, లోపలి ఖర్చు 10
గ: పొరుగు ఏఎస్ 64501, లోపలి ఖర్చు 20

మెడ్‌ను ఒకే పొరుగు ఏఎస్ నుంచి వచ్చిన రూట్ల మధ్యే పోల్చాలి. కాబట్టి క, ఖల్లో మెడ్ వల్ల క గెలుస్తుంది. ఖ, గల్లో మెడ్ పోల్చకూడదు, ఖర్చు వల్ల ఖ గెలుస్తుంది. గ, కల్లో ఖర్చు వల్ల గ గెలుస్తుంది. క మీద ఖ ఓడింది, ఖ మీద గ ఓడింది, గ మీద క ఓడింది. గుండ్రంగా తిరుగుతోంది.

దీన్ని స్క్రిప్ట్‌లో పెట్టి చూశాను. మొదటి వెర్షన్‌లో రెండేసి రూట్లను పోల్చే ఫంక్షన్ రాసి, పైథాన్ సార్ట్‌కు ఇచ్చి, ముందొచ్చినదాన్ని బెస్ట్ అన్నాను. ఎర్రర్ రాలేదు, హెచ్చరిక రాలేదు, జవాబు వచ్చింది. ఇన్‌పుట్ వరుస మార్చి ఆరు రకాలుగా ఇస్తే క 2 సార్లు, ఖ 2 సార్లు, గ 2 సార్లు గెలిచాయి.

ఎందుకో అర్థం కావడానికి ప్రతి పోలికనూ ప్రింట్ చేయించాను. క, ఖ, గ వరుసలో ఇస్తే సార్ట్ రెండే పోలికలు చేసింది, క–ఖ, ఖ–గ. రెండూ వరుసగానే ఉన్నాయి కాబట్టి పని అయిపోయిందని ఆగింది. క, గలను ఎదురెదురుగా నిలబెట్టనే లేదు. సార్ట్ తప్పేం లేదు. వరుస ఉన్నవాటినే అది పేర్చగలదు, నేను వరుస లేనివాటిని ఇచ్చాను.

రెండో వెర్షన్‌లో సార్ట్ తీసేసి, వచ్చిన వరుసలో ఒక్కొక్కటిగా పోలుస్తూ గెలిచినదాన్ని చేతిలో ఉంచుకున్నాను. మళ్లీ అదే, తలా 2. పైగా క, ఖ, గ వరుసకు మొదటి వెర్షన్ క అంటే, ఇది గ అంది. డిటర్మినిస్టిక్ మెడ్ (ఒకే పొరుగు ఏఎస్ రూట్లను ముందు గుంపుగా పోల్పించే సెట్టింగ్) ఆన్ చేయని కొన్ని రౌటర్లు చేసేది కూడా దాదాపు ఇదే. ఏ రూటు ముందొచ్చిందన్నదాన్ని బట్టి తీర్పు మారుతుంది.

మూడో వెర్షన్‌లో 4271 రాసినట్టే చేశాను:

1. పోటీలో ఉన్న రూట్లన్నిటినీ ఒక గుంపుగా తీసుకోవాలి.
2. ఒక్కో మెట్టులో ఓడినవాటిని గుంపులోంచి తీసేయాలి. గెలిచినదాన్ని ఏరడం కాదు, ఓడినవాటిని తీసేయడం.
3. మెడ్ మెట్టులో ఒకే పొరుగు ఏఎస్ రూట్లను మాత్రమే ఒకదానితో ఒకటి పోల్చి తీసేయాలి.
4. ఒక్కటే మిగిలినప్పుడు ఆగాలి.

మెడ్ మెట్టులో క ఉంది కాబట్టి ఖ పోయింది. మిగిలిన క, గల్లో ఖర్చు వల్ల గ నిలిచింది. ఆరు వరుసలకూ గ, 6 కి 6.

ఇందులోనూ ఒక చిన్న తప్పు దొర్లింది. మెడ్ లేని రూటుకు "అనంతం" అని వేశాను. 4271 ప్రకారం మెడ్ లేకపోతే వీలైనంత తక్కువ విలువ ఉన్నట్టు లెక్క. తక్కువ మెడ్ గెలుస్తుంది కాబట్టి, ఏమీ చెప్పని రూటే గెలుస్తుంది. వింతగా ఉంటుంది కానీ రూలు అదే.

ఈ గుండ్రపు తిరుగుడు కాగితానికే పరిమితం కాదు. రూట్ రిఫ్లెక్టర్లు, మెడ్ కలిసినచోట రూట్లు ఎప్పటికీ స్థిరపడకుండా ఊగుతూనే ఉండవచ్చని ఆర్‌ఎఫ్‌సీ 3345 (2002) వివరించింది. పదాల పట్టికకు దీంతో ఏం పని అంటే, "మేలైన" అన్న ఒకే మాటతో రెండింటినీ రాస్తే చదివేవాడు నా మొదటి వెర్షన్ లాంటి ప్రోగ్రామే రాస్తాడు. ఇప్పుడు రెండు కొత్త కార్డులున్నాయి. ఇద్దరి మధ్య పోలికకు "నెగ్గిన", గుంపులో మిగతావన్నీ పోయాక ఉన్నదానికి "మిగిలిన".

ఇప్పటిదాకా: కార్డులు 48, గంటలు 22.

దశ 4: పేర్లు పెట్టడం

ప్రమాణం రాసేవాళ్లు రూటును పొగుడుతూ పేర్లు పెట్టారు. బెస్ట్, ప్రిఫర్డ్, వ్యాలిడ్. పొగడ్త వినగానే పని అయిపోయిందనిపిస్తుంది. మేం రూటు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే పేర్లు పెట్టాం:

1. అందిన రూటు: పొరుగు పంపింది, అడ్జ్ రిబ్ ఇన్ (పొరుగు చెప్పిన రూట్ల పట్టిక)లో ఉంది.
2. పోటీలో ఉన్న రూటు: ఇంపోర్ట్ పాలసీ దాటింది, ఏఎస్ లూప్ లేదు, నెక్స్ట్ హాప్ (తర్వాతి రౌటర్)కు దారి దొరికింది. ఈబీజీపీలో ఇంపోర్ట్ పాలసీ పెట్టకపోతే ఏ రూటూ ఈ మెట్టెక్కదు, 8212 చెప్పేది అదే. రౌటర్ తెరమీద నక్షత్రం గుర్తు దాదాపు ఈ మెట్టుకే, కానీ కొన్ని రౌటర్లు నెక్స్ట్ హాప్‌కు దారి లేకపోయినా ఆ గుర్తు చూపిస్తాయి.
3. ఎంపికైన రూటు: లాక్ రిబ్ (బీజీపీ ఎంచుకున్న రూట్ల పట్టిక)లో ఉంది. బాణం గుర్తు.
4. టేబుల్‌కెక్కిన రూటు: వేరే ప్రొటోకాల్స్‌తో పోటీపడి రౌటింగ్ టేబుల్లో చోటు సంపాదించింది.
5. పంపిన రూటు: అడ్జ్ రిబ్ అవుట్ (పొరుగుకు పంపే రూట్ల పట్టిక)లో ఉంది.

రెండో మెట్టుకు మొదట "అర్హమైన రూటు" అని పెట్టాను. ఫీజిబుల్‌కూ అదే పెట్టి ఉన్నానని రెండు రోజుల తర్వాత చూసుకున్నాను. ఫీజిబుల్‌ను "చెల్లుబాటైన"గా మారిస్తే, ఆర్‌ఎఫ్‌సీ 6811 మూల ధ్రువీకరణ (ఆ ప్రిఫిక్స్‌ను ఆ ఏఎస్ ప్రకటించవచ్చా అన్న పరీక్ష)లో వచ్చే వ్యాలిడ్‌తో కలిసిపోయింది. చివరికి బీజీపీ ఫీజిబుల్‌కు "వెనక్కి తీసుకోని రూటు", ఈఐజీఆర్‌పీ, బేబెల్ ఫీజిబుల్‌కు "లూప్ పరీక్ష దాటిన రూటు" అని ఖాయం చేశాం. పొడుగే. పొట్టి మాట కోసం వెతికి ఇంకో గంట పోగొట్టుకోలేదు. వ్యాలిడ్‌ను తెలుగు చేయలేదు, 6811 అర్థానికే వదిలేశాం.

ఇంకో చిక్కు తెలుగు లిపిది. ఆర్‌ఎఫ్‌సీ 8174 (2017) ప్రకారం మస్ట్, షుడ్, మే లాంటి మాటలకు ప్రత్యేక అర్థం పెద్దక్షరాల్లో రాసినప్పుడే. మనకు పెద్దక్షరాలే లేవు. "పోల్చాలి" అని రాస్తే అది ఆజ్ఞా, మామూలు వివరణా అన్నది తేలదు. అందుకని మస్ట్‌కు "తప్పనిసరిగా", షుడ్‌కు "బలమైన కారణం లేకపోతే" అని ఖాయం చేసి, ఈ రెండు మాటల్నీ ఇంకెక్కడా వాడకూడదని నియమం పెట్టుకున్నాం. "తప్పనిసరిగా" మన నోట ఎంత ఊరికే వస్తుందో వాడకూడదనుకున్నాకే తెలిసింది.

రూటు ఎంపికతో సంబంధం లేని 11 కార్డులు తీసేశాను.

ఇప్పటిదాకా: కార్డులు 37, గంటలు 27.

దశ 5: చదివించి చూడటం

నలుగురికి పట్టిక ఇచ్చి, 10 ప్రశ్నలు అడిగాను. 40 జవాబుల్లో 17 తప్పు. పట్టిక బాగుందని నలుగురూ మెచ్చుకున్నాకే ఈ లెక్క వేశాను, అది వేరే సంగతి.

ఎక్కువ తప్పులొచ్చిన ప్రశ్న ఇది. 198.51.100.0/24కు ఒక రూటు, 198.51.100.128/25కు ఇంకో రూటు ఉన్నాయి. వీటిలో ఎంపికైనది ఏది? ముగ్గురు /25 అన్నారు. సరైన జవాబు, రెండూ. రెండు వేర్వేరు ప్రిఫిక్స్‌లు కాబట్టి వాటి మధ్య పోటీయే లేదు. 198.51.100.200కు ప్యాకెట్ వచ్చినప్పుడు /25 వాడతారు, అది తర్వాతి మాట. ముగ్గురినీ తప్పుపట్టలేను. 1812లో పొడవైన ప్రిఫిక్స్ కూడా రూట్లను తగ్గించుకుంటూ పోయే నియమాల్లో ఒకటే, అది జరిగేది ప్యాకెట్ చేతికొచ్చాక. 4271 ఎంపిక జరిగేది ఏ ప్యాకెట్టూ రాకముందు. ఇంగ్లీషులో రెంటినీ రూట్ సెలెక్షన్ అనేస్తారు. 1812లో ఉన్నదాన్ని "వెతుకులాట"గా మార్చి, "ఎంపిక"ను టేబుల్ తయారీకే ఉంచాను.

23 వాక్యాలు తిరగరాసి, ప్రశ్నలు మార్చి, ఇద్దరు పాతవాళ్లకు, ఇద్దరు కొత్తవాళ్లకు ఇచ్చాను. 40లో 6 తప్పు. పాతవాళ్లకు కొంత గుర్తుండి ఉంటుంది కాబట్టి ఈ అంకెను మరీ నమ్మడం లేదు.

ఇప్పటిదాకా: కార్డులు 38, తిరగరాసిన వాక్యాలు 23, గంటలు 33.

దశ 6: యాడ్ పాత్ దగ్గర ఆగింది

దశ 4 మెట్లు నిచ్చెనలా ఒకదాని తర్వాత ఒకటి అని రాశాను. ఎంపికైనదే పంపుతాం అన్నది అందులో దాగి ఉన్న మాట. 4271 వరకూ అది నిలుస్తుంది. గమ్యానికీ, నెక్స్ట్ హాప్‌కూ రౌటింగ్ టేబుల్ ద్వారా సరిగ్గా చేరగలిగితే తప్ప ఆ రూటును అడ్జ్ రిబ్ అవుట్‌లో పెట్టకూడదని సెక్షన్ 9.1.3 షరతు కూడా పెట్టింది. ఆర్‌ఎఫ్‌సీ 7911 (2016) యాడ్ పాత్ వచ్చాక, ఒకే ప్రిఫిక్స్‌కు 4 బైట్ల పాత్ ఐడీ తగిలించి చాలా రూట్లు పంపవచ్చు. వాటిలో ఎంపిక కానివీ ఉంటాయి.

బొమ్మలో రెండో మెట్టు నుంచి నేరుగా అయిదో మెట్టుకు ఒక చుక్కల బాణం గీశాను. మల్టీపాత్ (ఒకే గమ్యానికి ఒకటికంటే ఎక్కువ రూట్లు వాడటం)లో ఎంపికైనదానితోపాటు టేబుల్‌కెక్కేవాటికి ఇంకా పేరు లేదు. "తోడు రూటు" అని ఒకరన్నారు, "జత రూటు" అని ఇంకొకరు. కార్డు మీద పెన్సిల్‌తో రెండూ రాసి ఉన్నాయి.

మొత్తం: పత్రాలు 7, కార్డులు 39, పేరు లేని కార్డు 1, గంటలు 35.